తోడు పెట్టిన చెయ్యి

పాలబిందె ఎత్తి వీర్రాజు నెత్తిన కుమ్మరించాడు ఎవడో.

"ఏం కలిపావురా పాలల్లో? చెప్పరా!"

"ఏం కలపలేదండి బాబూ! నా పిల్లలూ ఇయ్యే పాలు తాగుతారండి! ఒట్టండి!"

పిల్లల ఆసుపత్రి గేటు ముందు రోడ్డంతా తెల్లగా పారుతోంది. రాజమండ్రిలో వారం నుంచి ఇదే వరస. పాలవాడు కనపడితే చాలు, బిందెలు బోర్లించడం, సైకిళ్లు విరగ్గొట్టడం. ఇవాళ మనిషి మీదే చేతులు పడ్డాయి. వీర్రాజు నుదురు చిట్లి, నెత్తురు పాలతో కలిసి చెంప మీదికి జారుతోంది.

హైమ ఆటో దిగుతూనే గుంపులోకి చొచ్చుకుపోయింది.

"వదలండి! ఆ పాలు నేను ల్యాబ్‌లో పరీక్ష చేశాను. వాటిలో ఏమీ లేదు."

"నువ్వెవరమ్మా మధ్యలో?"

"లోపల వార్డులో పడుకున్న పిల్ల తల్లిని."

అందరి చేతులూ కిందికి దిగాయి. వీర్రాజు ఖాళీ బిందె వెతుక్కుంటూ రోడ్డు మీద కూలబడ్డాడు. హైమ అతన్ని లేవదీసి, కాపలావాడికి అప్పగించి లోపలికి పరిగెత్తింది.

ఇందుజ కిటికీ పక్క మంచం మీద ఉంది. రెండో తరగతి పిల్ల. పది రోజుల క్రితం వరకు స్కూలు నుంచి వస్తూనే పుస్తకాల సంచి విసిరేసి వంటింట్లోకి దూకేది. ఇప్పుడు చెయ్యి ఎత్తడానికే ఆలోచిస్తోంది.

"ఏమైనా తింటావా బంగారం? రెండంటే రెండు ముద్దలు."

"బొజ్జ నిండిపోయిందమ్మా."

"పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు కదమ్మా."

"అయినా నిండిపోయింది." పిల్ల విసుక్కుంది. "ఎన్నిసార్లు చెప్పాలి?"

ఊళ్లో ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఇదే మాట. పిల్లలకి జ్వరం లేదు, నొప్పి లేదు. ఆకలి లేదు, అంతే. గొట్టం వేసి పాలు పోస్తే, నిండిన కుండలో పోసినట్టు అంతా బయటికి వచ్చేస్తోంది. నిన్న సాయంత్రం కంబాలచెరువు దగ్గరి పిల్లవాడొకడు, అలా నిండిన పొట్టతోనే, ఆకలి చావు చచ్చిపోయాడు.

డాక్టర్ షాహీన్ హైమను వరండాలోకి పిలిచింది. ఆమె కళ్ల కింద నల్లటి వలయాలు.

"సెలైన్‌తో ఎంతకాలం నెట్టుకొస్తానండీ? ఇందుజ కాలేయం అలిసిపోతోంది. లోపలేదో కూర్చుని మెదడుకి 'కడుపు నిండింది, కడుపు నిండింది' అని ఆపకుండా చెబుతోంది. అదేంటో తెలిస్తే దానికి తగ్గ మందు వెతుకుతాను. తెలియకుండా ఎన్ని మందులేసినా గోడకేసి కొట్టినట్టే ఉంది." ఆమె గొంతు తగ్గించింది. "అడగొచ్చో లేదో... మీ కంపెనీ పెరుగు కూడా ఇదే పని చేస్తుందంటారు కదా?"

హైమ ముఖం గట్టిపడింది. ఈ ప్రశ్న ఆమె తనకు తానే ఎన్నోసార్లు వేసుకుంది.

"మా 'నిండు' పెరుగు బరువు తగ్గాలనుకునే పెద్దవాళ్ల కోసం తయారు చేసింది, డాక్టర్ గారూ. పొట్లంలో పొడి. పొట్లం పొడితో పాలు ఒక్కసారే తోడుకుంటాయి. ఆ పెరుగు తీసి మళ్లీ తోడు పెడితే పాలు పాలలాగే ఉంటాయి, సూక్ష్మజీవి చచ్చిపోతుంది. అలా చావాలని దాని ఒంట్లో తాళం పెట్టింది నేనే. మూడేళ్లు కష్టపడ్డాను దాని కోసం. మా ఇంట్లో ఒక్క పొట్లం కూడా అడుగుపెట్టలేదు. ఇందుజ దాన్ని తినలేదు."

షాహీన్ తలూపి వార్డులోకి వెళ్లిపోయింది. ఆ ప్రశ్న హైమ వెంట ఇంటిదాకా వచ్చింది.

*

ఇంట్లో అత్తగారు కామాక్షమ్మ వంటిల్లు తలకిందులు చేసి పెట్టింది. పాత బియ్యం బస్తా గుమ్మంలో పడేసింది. పప్పులు, నూనె, చివరికి ఉప్పుతో సహా అన్నీ కొత్తవి. హైమ భర్త ప్రసన్న ఆసుపత్రిలో పిల్లకి రాత్రుళ్లు కాపలా ఉండి, పగలు వచ్చి హాల్లో నేల మీదే ఒరిగి నిద్రపోతున్నాడు.

"వీర్రాజు పాలు మాన్పించి పాకెట్ పాలు తెప్పించా. టిన్ను నీళ్లు తెప్పించా. ఇంకేం మార్చమంటావే?" కామాక్షమ్మ చేతిలోని డబ్బా కింద పెట్టింది. "నా మనవరాలికి నేనే ఏదో పెట్టి చంపుతున్నానేమో అని నిద్దర పట్టట్లేదు హైమా."

"మీరేం చేస్తారు అత్తయ్య గారూ. ఊరుకోండి."

కామాక్షమ్మ చీరచెంగుతో ముక్కు తుడుచుకుని పని మీద పడింది. పాలు కాచి దించింది. గిన్నెలో పోసి చిటికెనవేలు ముంచి వేడి చూసింది. పక్కనున్న గిన్నెలోంచి నిన్నటి పెరుగు ఒక చెమ్చా తీసి పాలలో వేసి కలియబెట్టింది. నలభై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని. చేస్తున్నట్టు ఆమెకే తెలియదు.

హైమ ఆ చెమ్చా వైపే చూస్తూ ఉండిపోయింది.

"అత్తయ్య గారూ. ఆ తోడు ఎక్కడిది?"

"నిన్నటి పెరుగే."

"నిన్నటికి?"

"మొన్నటిది. ఏంటే, పెరుగుకి గోత్రం అడుగుతున్నావు?"

"మొట్టమొదట ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మనది పులిసిపోయిందని పక్కింటి సావిత్రి ఇచ్చింది. కమ్మగా ఉంది. ఇందూ మీగడ కూడా వదిలేది కాదు." కామాక్షమ్మ చెయ్యి ఆగిపోయింది. "సావిత్రికి మీ అక్క అరుంధతి నడిపే ఆడవాళ్ల గుంపులోంచి వచ్చిందిట. వనభోజనాలకి వెళ్లినప్పుడు తెచ్చుకుంది."

ఊరు ఊరంతా పాలు మార్చింది. బియ్యం మార్చింది. కాలువలో నీళ్లు కూడా పరీక్షకి పంపింది. పాలవాణ్ణి తన్నింది. కానీ కొత్త పాలు తెచ్చుకున్న ప్రతి ఇల్లాలూ అందులో పాత పెరుగే చెమ్చాడు వేసింది. చేతికి అలవాటైన పని కనుక, ఎవరికీ అదొక పదార్థమని కూడా తోచలేదు.

హైమ సంచిలోంచి నీలి టార్చి తీసింది. ల్యాబ్‌లో వాడే అతినీలలోహిత దీపం. నిండు సూక్ష్మజీవిలో ఒక గుర్తు పెట్టారు. ఈ టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది.

"తలుపులు మూయండి."

కిటికీ రెక్కలు పడ్డాయి. వంటింట్లో చీకటి. హైమ టార్చి నొక్కింది.

పెరుగు గిన్నె వెలిగింది. ఆకుపచ్చగా కాదు. పండు నారింజ రంగులో, నిప్పుల కుంపటిలా.

"అమ్మో! ఏంటే అది?" కామాక్షమ్మ వెనక్కి తూలింది. టార్చి ఆమె ముఖం మీద పడింది. భయంతో తెరుచుకున్న నోట్లో ఆమె నాలిక కూడా అదే రంగులో వెలుగుతోంది.

"అత్తయ్య గారూ... మీకు ఆకలేస్తోందా ఈ మధ్య?"

"నాకా? ఒంటిపూట తింటున్నా. ఒళ్లు తేలిగ్గా ఉందని మొన్న సావిత్రితో కూడా అన్నాను." చెబుతూ చెబుతూ ఆమె నోరు చేత్తో మూసుకుంది.

*

హైమ పనిచేసే పూర్ణపాత్ర ఫుడ్స్ డైరెక్టర్ డాక్టర్ వామనరావు గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఆయన గొంతూ అంతే. గోడ మీది తెరపై ఊరి పటం, ఏ వీధిలో ఎంతమంది బరువు తగ్గారో చూపించే చుక్కలు. అరుంధతి గుంపులో ఆడవాళ్లు రోజూ ఫోన్లో ఎక్కించే బరువులూ, నడకలూ కంపెనీ ఆప్‌లోకి చేరుతాయి. పొట్లాలు అమ్మని పేటల్లో కూడా చుక్కలు దట్టంగా ఉన్నాయని హైమ చాలాసార్లు గమనించింది. ప్రచారం బాగుందని సంతోషించింది కూడా.

ఆమె గిన్నె టేబుల్ మీద పెట్టి టార్చి వేసింది. వామనరావు గిన్నె దగ్గరికి లాక్కుని వంగి చూశాడు.

"మనదే," అన్నాడు చివరికి.

"మనది ఆకుపచ్చ కదా సార్."

"నీ తాళం, నీ ఆకుపచ్చ గుర్తు, రెండూ ఒకేచోట అతికించావు. గుర్తుందా? దాని కింద మూలజీవి, అంటే తాళం వెయ్యకముందటి జీవి, పాత గుర్తు ఉంది. నారింజ. ఏదో బయటి సూక్ష్మజీవి వచ్చి నీ తాళాన్ని ఊడబెరికింది. తాళంతోపాటు ఆకుపచ్చ పోయింది. కింద రంగు బయటపడింది. తాళం లేదు కనుక ఇప్పుడది చావదు. ఇంటింటికీ తోడై పాకుతోంది."

"బయటి సూక్ష్మజీవి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వామనరావు ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. హైమ ముందుకు వంగింది. తెర మీద తన అక్క అరుంధతి నవ్వుతోంది. నాలుగు లక్షలమంది చూసే వంటల ఛానల్. "పొట్లం పెరుగు రెండోసారి తోడుకోవట్లేదని బెంగపెట్టుకోకండర్రా! ప్రతిసారీ కొనడమెందుకు? నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి పాలల్లో వెయ్యండి. పొద్దున్నకి గడ్డపెరుగు!"

పాలు తోడుకోకపోతే మిరప తొడిమలు వేయడం గోదావరి జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. తొడిమ మీద పెరుగు కట్టే అడవి సూక్ష్మజీవులుంటాయి. మూడేళ్ల పరీక్షల్లో హైమ వంద రకాలుగా తన తాళాన్ని లాగి చూసింది. మిరప తొడిమతో మాత్రం చూడలేదు.

"విరుగుడు మన దగ్గర ఉంది," వామనరావు మెల్లగా అన్నాడు. "ఆ సూక్ష్మజీవిని తినే వైరస్. రెండు చుక్కలు పిల్ల నాలిక మీద వేస్తే సాయంత్రానికి అన్నం అడుగుతుంది. కానీ ఊరికే తీసుకెళ్లి ఇస్తే, తప్పు కంపెనీది అంటారు. ల్యాబ్ మూసేస్తారు. విరుగుడు కూడా సీలు వేసి పట్టుకుపోతారు. రేపు ఆసుపత్రిలో కలెక్టరు గారి విచారణ ఉంది. తాళం ఎవరు విరగ్గొట్టారో నువ్వు లేచి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు, తాళం పెట్టింది నువ్వే గనక. ఆ క్షణంలోనే సీసాలు వాళ్ల చేతిలో పెడతాను."

"మా అక్క పేరు చెప్పమంటారా సార్?"

"నీ కూతురి ప్రాణం అడుగుతున్నానమ్మా."

*

ల్యాబ్‌లో హైమ గాజు గ్లాసులు వరసగా పేర్చింది. కొన్నిటిలో పాలు, నిండు పెరుగు. కొన్నిటిలో పాలు, నిండు పెరుగు, మిరప తొడిమలు. తొడిమలు నాలుగు రకాల మిరపకాయలవి, బజార్లో కొన్నవీ, మిద్దె తోటల్లో కోసినవీ. వెచ్చటి పెట్టెలో పెట్టి, అక్క ఇంటికి బయల్దేరింది.

అరుంధతి ఇంటి డాబా మీద తోటకూర, బచ్చలి, తెల్ల వంకాయలు. కింద వంటింట్లో కెమెరా దీపాలు ఆరి ఉన్నాయి. అరుంధతి నేల మీద కూర్చుని మునగాకు దూస్తోంది. చెల్లెల్ని చూసి లేవలేదు.

"ఇందూ ఎలా ఉందే?"

"నీకు తెలుసా అక్కా?"

అరుంధతి చెయ్యి మునగరెమ్మ మీద నిలిచిపోయింది.

"తల్లులు నీకు మెసేజీలు పెట్టలేదూ? పిల్లలు అన్నం ముట్టట్లేదని?"

"పెట్టారు."

"ఏం చేశావు?"

"తీసేశాను." అరుంధతి తలెత్తలేదు. "మొదట ఇద్దరు పెట్టారు. పిల్లలు మారాం చేస్తారులే అనుకున్నా. తర్వాత ఇంకా వచ్చాయి. తీసేశా. అవి పెట్టినవాళ్లని గుంపులోంచి తీసేశా."

"అక్కా!"

"నన్నెందుకే అలా చూస్తావు? మొదలుపెట్టినప్పుడు నాతో ఎవరున్నారు? పాతికమంది. మోకాళ్ల నొప్పులు, షుగర్లు. వాళ్ల చేత మెట్లెక్కించాను, డాబాల మీద ఆకుకూరలు వేయించాను. వారం వారం పొట్లం కొనలేమంటే తొడిమల చిట్కా చెప్పాను. మంచే చేశాననుకున్నా!" చేతిలోని మునగరెమ్మ విసిరేసింది. "అదే పిల్లల్ని తింటోందంటే, ఏ నోటితో చెప్పనే? రెండు వారాలుగా ఇంట్లో పొయ్యి వెలిగించి కెమెరా ముందు నవ్వుతున్నా. కెమెరా ఆపగానే ఫోన్ తీసి మెసేజీలు చెరిపేస్తున్నా."

"నీ చేతుల్లో పెరిగింది అక్కా ఇందూ. నీ దగ్గరికొచ్చి తొక్కుడు బిళ్ల ఆడేది. మంచంలో పడ్డప్పుడైనా చెప్పాలనిపించలేదా? రేపు కలెక్టరు ముందు నీ పేరు చెప్పమంటున్నారు నన్ను."

అరుంధతి మునగాకు పళ్లెం పక్కకి నెట్టి రెండు చేతులతో తల పట్టుకుంది.

"రేపు నువ్వు చెప్పక్కర్లేదు. నేనే లేచి చెబుతా. నువ్వు పిల్లని దక్కించుకో."

హైమకి అక్క మీద చెయ్యి వెయ్యాలనీ అనిపించింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. ఏదీ చెయ్యకుండా మెట్లు దిగింది.

*

మర్నాడు పొద్దున్న ల్యాబ్‌కి వెళ్లేసరికి ఫోన్ మోగింది. షాహీన్. "ఇందుజకి చక్కెర పడిపోతోందండీ. ఎక్కిస్తున్నా నిలవట్లేదు. ఏదో ఒకటి త్వరగా చెయ్యండి."

హైమ గ్లాసులు బయటికి తీసింది. తొడిమలు లేనివి పాలలాగే ఉన్నాయి. తాళం పనిచేసింది. తొడిమలు వేసినవన్నీ గడ్డకట్టాయి. గ్లాసు వంచినా కదల్లేదు. ఆమె ఊపిరి బిగపట్టి దీపాలార్పింది. నారింజ రంగు కోసం కళ్లు సిద్ధం చేసుకుని టార్చి వేసింది.

ఏమీ కనపడలేదు.

టార్చి తట్టింది. మళ్లీ వేసింది. తెల్లటి, మామూలు, చీకటి పెరుగు. ఒక గ్లాసు తర్వాత ఒక గ్లాసు. ఆకుపచ్చ లేదు, నారింజ లేదు. తొడిమల మీది సూక్ష్మజీవులు పాలని తోడుపెట్టాయి. నిండు మాత్రం ఎప్పటిలాగే చచ్చిపోయింది. తాళం ఊడలేదు. ఎవరూ ఊడబెరకలేదు.

హైమ స్టూలు మీద కూర్చుంది. 

అయితే అత్తగారి గిన్నెలో వెలిగిందేంటి? తాళం పెట్టినప్పుడు ఆకుపచ్చ గుర్తు తనే పెట్టింది. నారింజ మాత్రమే ఉన్న జీవి తన చేతుల మీదుగా ఎన్నడూ బయటికి పోలేదు. అంటే అది తాళం పోగొట్టుకున్నది కాదు. అసలు తాళమే లేనిది. మూలజీవి.

మూలజీవి ఈ ఊళ్లో ఒక్కచోటే ఉంది. డైరెక్టర్ గదిలో, ఆయన తాళంచెవితో మాత్రమే తెరుచుకునే ఫ్రిజ్‌లో.

ఆమె అక్కకి ఫోన్ చేసింది.

"వనభోజనాలకి పెరుగు ఎవరు తోడుపెట్టారు?"

"ఏంటే ఇప్పుడు..."

"చెప్పక్కా! ఎవరు?"

"కడియం నర్సరీ తోటలో చేశాం కదా. మీ డైరెక్టరు గారే ముఖ్య అతిథి. ముందురోజే పెద్ద కుండలో పెరుగు తోడుపెట్టించి కారులో తెచ్చారు. 'నేను మీ అందరికీ అన్నయ్యలాంటివాణ్ణి, నా ఇంటి పెరుగు తినాలి' అన్నారు. ఎంత మురిసిపోయామో. తిన్నాక తలా ఒక గ్లాసు తోడుకని పట్టుకెళ్లారు. ఆయనే గరిటెతో పోశారు అందరికీ."

"తల్లుల మెసేజీలు తీసెయ్యమని నీకు ఎవరైనా చెప్పారా?"

అవతల తలుపు మూసుకున్న చప్పుడు.

"అక్కా."

"ఆయనకే మొదట చెప్పానే. మీ కంపెనీవాళ్లు కదా, తెలుస్తుందని. 'తొడిమల చిట్కా చెప్పింది నువ్వే కదమ్మా అరుంధతీ, బయటపడితే నిన్ను జైల్లో వేస్తారు, నేను చూసుకుంటా, ఎవరితో అనకు' అన్నారు."

హైమకి తెర మీది చుక్కలు గుర్తొచ్చాయి. ఇంట్లోనే మళ్లీ మళ్లీ తోడుపెట్టుకోగలిగే రకానికి పోయినేడు సర్కారు అనుమతి రాలేదు. వేల ఇళ్లలో పనిచేస్తుందని రుజువు చూపించమన్నారు. ఆయన రుజువు తయారు చేసుకున్నాడు. అడగకుండా, ఊరంతటి మీద. బరువులు ఆడవాళ్లే రోజూ పంపించారు. పెద్దవాళ్ల బరువులే చూశాడు. అదే పెరుగన్నం పిల్లలకి కలిపి పెడతారని ఆయన లెక్కలోకి రాలేదు.

అప్పుడు ఇంకొకటి తట్టింది. 

విరుగుడు వైరస్ పుట్టుగుడ్డిది. ఏ జీవి కోసం తయారైతే దాన్నే తింటుంది. ఈరోజు ఆయన కలెక్టరు చేతిలో పెట్టబోయేది నిండుకి విరుగుడు, ఆకుపచ్చ జీవి మీద పనిచేసేది. మూలజీవికి వేరే విరుగుడు ఉంది. అదీ ఆ ఫ్రిజ్‌లోనే. సర్కారు వాళ్లు ప్రతి సీసానీ పరీక్షిస్తారు. ఆ సీసా బయటికి తీస్తే, అది తినే జీవి ఎవరి దగ్గర ఉందో చెప్పినట్టే. అందుకే తియ్యడు.

అక్క పేరు చెబితే ఇందుజ నాలిక మీద నీళ్లచుక్కలు పడతాయి. ఊరంతా బతికామనుకుంటుంది. పిల్లలు ఒక్కొక్కరే పోతారు.

హైమ పరిగెత్తింది.

*

ఆసుపత్రి పై అంతస్తు హాలు కిక్కిరిసిపోయింది. కుర్చీలు చాలక తల్లులు గోడల వెంట నిలబడ్డారు. ముందు వరసలో వీర్రాజు, తలకి కట్టు. బల్ల వెనక కలెక్టరమ్మ, పక్కన డాక్టర్ షాహీన్. బల్ల మీద తెల్లటి ఐసు పెట్టె. దాని మీద వామనరావు చెయ్యి.

"...మా కంపెనీ తప్పు లేకపోయినా, మానవత్వంతో ఈ మందు ఇస్తున్నాం," ఆయన చెబుతున్నాడు. "అదుగో, మా శాస్త్రవేత్త వచ్చింది. ఆ తాళాన్ని తయారుచేసిన అమ్మాయి. ఆమె కూతురు కూడా కింద వార్డులోనే ఉంది. ఆమె నోటితోనే వినండి."

దారి చీలింది. హైమ ముందుకు నడిచింది. ప్రసన్న కామాక్షమ్మని పట్టుకుని మూల నిలబడ్డాడు. అరుంధతి ఇంకో వైపు, ముఖానికి రంగు లేకుండా, ఫోన్ పైకెత్తి పట్టుకుంది. ఆమె ఛానల్లో ఇదంతా ఊరికీ, ఊరి బయటికీ వెళ్తోంది.

"చెప్పండమ్మా," అంది కలెక్టరమ్మ. "ఈ సూక్ష్మజీవి బతికి ఇళ్లల్లోకి ఎలా వచ్చింది?"

హైమ నోరు తెరిచేలోగా అరుంధతి గొంతు లేచింది. "మేడమ్! దానికి కారణం నే..."

"అక్కా, నువ్వు కూర్చో!"

హాలంతా ఉలిక్కిపడింది. వామనరావు హైమ దగ్గరికి వంగి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు: "పిల్ల చక్కెర నిలవట్లేదట కదమ్మా. టైము లేదు. పేరు చెప్పు, సీసా తీసుకుపో."

"ఈ సీసా నా కూతురికి పనికిరాదు సార్," హైమ అందరికీ వినపడేలా అంది. "పనికొచ్చే సీసా మీ గది ఫ్రిజ్‌లో ఉంది."

వామనరావు కళ్లలో ఏదో కదిలి ఆగిపోయింది. "అక్క మీద ప్రేమతో ఏదేదో మాట్లాడుతోంది," అని కలెక్టరు వైపు నవ్వాడు. "తల్లి మనసు. నిద్రలేదు పాపం."

"నిద్రలేదు నిజమే. రాత్రంతా గ్లాసుల్లో పెరుగు తోడుకుంటూ ఉంది గదా." హైమ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. "మేడమ్, మిరప తొడిమలు ఈ జీవిని బతికించలేదు. ఇది అసలు తాళమే లేని మూలజీవి. పరీక్ష చేశాను. ఎవరైనా చెయ్యొచ్చు, ఇక్కడున్న ప్రతి అమ్మకీ తొడిమలు వేసి పెరుగు తోడుపెట్టడం వచ్చు. మా అక్క తప్పు చేసింది. మీ మెసేజీలు దాచింది. దానికి ఆమె మీకు జవాబు చెప్పుకుంటుంది. కానీ మీ ఇళ్లల్లోకి దీన్ని తెచ్చింది ఆమె కాదు. వీర్రాజు కాదు. మీ పాలు కాదు."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?" వామనరావు గొంతు మొదటిసారి పెరిగింది. "ల్యాబ్ రహస్యాలు..."

"కడియం తోటకి వెళ్లినవాళ్లు చేతులెత్తండి," అంది హైమ.

ఒక చెయ్యి లేచింది. పక్కనే ఇంకోటి. గోడ వెంట వరసగా చేతులు లేచాయి. సావిత్రి చెయ్యి, మెడలో నల్లపూసలు పట్టి లాగుతూ ఏడుస్తున్న చిన్నపిల్లని ఎత్తుకున్న తల్లి చెయ్యి, మొన్న సాయంత్రం కొడుకుని పోగొట్టుకున్న ఆవిడ చెయ్యి. అది అన్నిటికంటే నెమ్మదిగా లేచింది.

"ఆ రోజు మీ గ్లాసుల్లో తోడు పోసింది ఎవరు?"

 ఒక్కొక్కరి చూపూ హైమ మీంచి జరిగి, ఐసు పెట్టె మీదున్న చేతి మీదికి, అక్కణ్ణుంచి పైకి పాకింది. వామనరావు పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు. తలుపు వైపు ఒక అడుగు వేశాడు. వీర్రాజు లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆయన గది ఇప్పుడే తెరిపించండి మేడమ్," షాహీన్ లేచి నిలబడింది. "కింద పిల్లలు..."

"తెరిపించాలంటే నాకు కారణం కావాలి డాక్టర్," కలెక్టరమ్మ హైమ వైపు తిరిగింది. "అనుమానం కాదు. ఇంతమంది ముందు, మీ మాటగా, పేరు కావాలి. మూలజీవిని ఈ ఊరి మీదికి ఎవరు వదిలారు?"

హైమ అరుంధతి ఫోన్ వైపు తిరిగింది. తెర అవతల నాలుగు లక్షల వంటిళ్లు. ప్రతి వంటింట్లో ఒక గిన్నె, గిన్నెలో రేపటి కోసం దాచిన చెమ్చాడు పెరుగు.

"మీ ఇంట్లో తోడు ఉంటే పారబొయ్యండి. ఇప్పుడే," అంది. తర్వాత వెనక్కి తిరిగి, వేలెత్తి చూపించి, హాలు చివరిదాకా వినపడేలా చెప్పింది:

"డాక్టర్ వామనరావు."